పుర్రచేతి ముడి

"ఆ సంచీ ఇంట్లో ఉండగా నేను లోపలికి రాను," అన్నాడు బావగారు.

అనడమైతే అన్నాడు గానీ, అప్పటికే ఒక కాలు గడప లోపల, ఒక కాలు గడప బయట పెట్టి నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పలేదు. పడవ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. గచ్చు మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఆ చుక్కల వైపే చూస్తోంది. వీధిలో అందరూ ఆమెను తాబేళ్ళ డాక్టరమ్మ అంటారు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళను కోసి, అవి ఎందుకు చచ్చాయో చెప్పడం ఆమె ఉద్యోగం. పొద్దుటి నుంచీ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని అదే పని చేసి వచ్చింది. ఇప్పుడు ఆమెకు కావలసింది నాలుగు చెంబుల వేడినీళ్ళు, నడుం వాల్చడానికి ఒక చాప. దొరికింది బావగారు.

"కూర్చోండి బావగారూ."

"కూర్చోడానికి రాలేదు. ఫ్రిజ్‌లో పెట్టింది తీసి ఇలా ఇవ్వు."

"ఇవ్వడానికి అది నాది కాదు. ఆఫీసుది."

"ఆఫీసుదైతే ఆఫీసులో ఉండాలి. మా అమ్మ ఫ్రిజ్‌లో ఎందుకుంది?"

దీనికి జవాబు ఉంది గానీ, చెబితే నవ్వొచ్చేలా ఉంటుంది. పరిశోధన కేంద్రంలో ఫ్రీజరు మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అంటూ తిప్పుతున్నాడు. అందుకని నిన్న తీరం మీద దొరికిన తాబేలు ముందుకాలు ఇక్కడ పై అరలో, మంచు మధ్య ఉంది. ఆ కాలికి మెలిపడి ఉన్న వల ముక్క, అంటుకున్న చర్మంతో సహా, మందపాటి ప్లాస్టిక్ సంచీలో కూరగాయల అరలో ఉంది. కూరగాయలు వంటింటి గట్టు మీదికి వలస వెళ్ళాయి.

"ఎవరు చెప్పారు మీకు?" అందామె.

బావగారు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు, అంటే ఆమె మొగుడు, గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. అతను ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మనిషి మంచివాడే. నోట్లో నువ్వుగింజ నానదని మాత్రం కన్నతల్లే అంటుంది.

"ఎవరు చెబితే ఏం?" అన్నాడు బావగారు. "చిరిగిన వల ముక్క. సముద్రంలో రోజూ ఎన్ని చిరగవు? అది మా పడవదని రాసి ఉందా దాని మీద?"

"మీ పడవదని నేను అనలేదు కదా."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయన పని. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అనలేదు సరే. అందామనే కదా దాచావు?"

"అది ఉత్త వల ముక్క కాదు బావగారూ. తాబేలు తలుపు."

పేరుకు తలుపే గానీ, గడియా గొళ్ళెం ఉండవు దానికి. మరబోటు లాగే పెద్ద వల గొంతులో అడ్డంగా ఇనుపచువ్వల చట్రం బిగిస్తారు. చట్రానికి పైన వలకు ఒక కోత పెట్టి, ఆ కోత మీద కనురెప్పలాగా ఇంకో వల ముక్క వేలాడదీస్తారు. చేప చువ్వల సందుల్లోంచి లోపలికి జారిపోతుంది. తాబేలు పట్టదు. చువ్వలకు కొట్టుకుని, రెప్పను తోసుకుని బయటపడుతుంది. ప్రతి మరబోటు వలకూ ఆ తలుపు ఉండాలని చట్టం. ఉంటుంది కూడా. రేవులో తనిఖీకి చూపించే వలకు తెరిచి ఉంటుంది, నడిసముద్రంలో వేసే వలకు కుట్టేసి ఉంటుంది.

"రెప్పని కోతకి కలిపి గట్టిగా కుట్టేశారు," అంది చిన్నకోడలు. "అది బయటికి రావాలని అక్కడే పెనుగులాడింది. కొంచెం చింపింది కూడా. కాలు అందులో ఇరుక్కుపోయింది. వల పైకి లాగాక, విడదియ్యడానికి ఓపిక లేక చుట్టూ కత్తితో కోసి నీళ్ళలోకి తోసేశారు ఎవరో."

"ఎవరో అంటున్నావు. మరి నా వైపు చూస్తావేం?"

"ముడి చూశాను."

"ముడా? ముడికేమైంది?"

చెప్పకుండా ఉంటే బాగుండునని ఆమెకు ఇప్పుడనిపించింది. కానీ మాట నోరు దాటింది.

"అందరూ వేసే ముడి కుడివైపుకి వాలుతుంది. ఇది ఎడమవైపుకి వాలింది."

రేవు మొత్తంలో పుర్రచేత్తో వల కుట్టే మనిషి ఒక్కతే. ఆ మనిషి ఇప్పుడు కిటికీ కింద పీట వేసుకుని, ఒళ్ళో ఎవరిదో వల పరుచుకుని, ఎడంచేతిలో వల సూది పట్టుకుని కూర్చుంది. ముగ్గురూ అటు చూశారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

"టీ చల్లారిపోతోంది," అంది అత్తగారు.

దొంగకు తేలు కుట్టినట్టయింది బావగారికి. తర్వాత గొంతు తగ్గించాడు.

"నేను అడిగితే కుట్టింది. తప్పయితే నాది. నా పేరు రాసుకో."

"పడవ అత్తయ్య పేరు మీద ఉంది."

"అదే కదా నేను మొత్తుకునేది. లైసెన్సు పోతే అమ్మది పోతుంది. పిలిస్తే అమ్మని పిలుస్తారు. ఈ వయసులో ఆవిడని తీసుకెళ్ళి ఆఫీసు బెంచీ మీద కూర్చోబెడతావా? కోడలివా నువ్వు?"

"మరి కుట్టమన్నప్పుడు ఇది గుర్తు రాలేదా మీకు?"

"చేప సగం ఆ తలుపులోంచే పోతుందమ్మా. ఒడ్డున కూర్చుని కోసేదానివి, నీకేం తెలుసు? తెల్లవార్లూ లాగి లాగి, తీరా పైకెత్తితే వల ఉసూరుమని ఊగుతూ వస్తుంది. పడవ మీద పనిచేసేవాళ్ళు నా మొహం వంక చూస్తారు. వాళ్ళకేం చెప్పను? చేపలు తలుపు తీసుకుని వెళ్ళాయని చెప్పనా?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అది ఆమెకూ తెలుసు. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక చాలలేదు.

"తాబేలు చేప కాదు బావగారూ. ఊపిరి కోసం పైకి రావాలి. మనలాగే."

"నాకు చెబుతున్నావా? నువ్వు పలక పట్టకముందు నుంచీ సముద్రం మీద ఉన్నాను."

"అయితే తెలిసే కుట్టించారు."

మొగుడు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ముందు లోపలికి వచ్చి కూర్చో. మాట్లాడుకుంటే పోయేదానికి..."

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు బావగారు. గడప లోపలున్న కాలు కూడా బయటికి తీసేశాడు. "రేపు పొద్దున ఆ వన్యప్రాణుల ఆఫీసరు వస్తాడట కదా. ఆ సంచీ ఆయన చేతికి వెళ్ళిందనుకో, సాయంత్రానికి అమ్మని మా ఇంటికి తీసుకుపోతాను. ఆ తర్వాత నువ్వూ, నీ తాబేళ్ళూ ఈ ఇల్లు ఏలుకోండి."

ఆయన వెళ్ళిపోయాడు. గేటు రెండుసార్లు కొట్టుకుని ఆగింది.

"తీసుకుపోతాడట," అంది అత్తగారు, వల సూదికి దారం చుట్టుకుంటూ. "నేనేమన్నా చేపల బుట్టనా?"

ఎవరూ నవ్వలేదు.

* * *

పెరట్లో కుళాయి దగ్గర చిన్నకోడలు బూట్లు కడుగుతోంది. ఎంత కడిగినా ఆ వాసన పోదు. చర్మానికి, జుట్టుకి, చేతిగడియారం పట్టీకి పట్టేసింది. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. మొదట్లో సిగ్గుపడేది. ఈమధ్య ఆ సీట్లో సంచీ పెట్టుకుంటోంది.

మొగుడు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏదో అడగబోయేవాడు అలాగే నిలబడతాడు.

"ఒక్క ముక్క," అన్నాడు చివరికి. "పాడైపోయిందని చెప్పెయ్యి. ఎండకి కుళ్ళిపోయిందని."

"ఫ్రిజ్‌లో ఎండ ఎక్కడిదండీ?"

"సరే, కరెంటు పోయిందని చెప్పు."

"మీరు అన్నయ్యతో ఎందుకు చెప్పారు?"

"ఫ్యాక్టరీకి వచ్చాడు. ఐసు వేయించుకుంటూ ఏంటిరా సంగతులు అన్నాడు. ఏం సంగతులు చెప్పను? ఇంట్లో ఉన్న సంగతి అదొక్కటే."

ఆమె రెండో బూటు అందుకుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది అతని బతుకు. పడవలు కదలకపోతే ఐసు కొనేవాడు ఉండడు. పెళ్ళాం కదలకపోతే ఇల్లు కదలదు. అది తెలిసి కూడా ఆమెకు అతని మీద జాలి కలగలేదు. రేపెప్పుడో కలుగుతుందేమో.

"ఈ సీజనంతా ఏం జరుగుతోందో మీకు తెలుసు," అంది. "పడవల సంఘం వాళ్ళు సముద్రంలో ఏదో రోగం వచ్చిందంటున్నారు. రోగమొచ్చిన తాబేలు చిక్కిపోయి ఉంటుంది, కడుపులో ఏమీ ఉండదు. ఇవి కడుపునిండా తిని ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నురగ. నీళ్ళలో ఊపిరాడక పోయాయి. నేను చెబితే ఎవరూ కాదనరు. అయితే వల ఏది, చూపించండి అంటారు. ఇన్నాళ్ళకి ఒక్కటి దొరికింది. అదీ ఇవ్వకపోతే నేను కోసినవన్నీ ఊరికే కోసినట్టే."

"ఫోటో తీశావు కదా?"

"ఫోటోలో ఇసుక, నెత్తురు, మధ్యలో పచ్చటి ముద్ద. కుట్టు కూడా కనబడదు."

"కనబడకపోతే మంచిదే కదా," అన్నాడతను. ఆమె కుళాయి ఇంకా పెద్దగా తిప్పేసరికి లోపలికి వెళ్ళిపోయాడు.

అత్తగారు వేడినీళ్ళ బకెట్టు తెచ్చింది. ఏ గొడవ ఎలా ఉన్నా ఆ బకెట్టు వస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆమె ఈ వాసనతో ఇంటికొచ్చి, ఎవరింట్లోనూ అడుగుపెట్టలేనని పెరట్లోనే కూర్చుని ఏడ్చింది. అప్పుడు అత్తగారు ఏమీ అడగకుండా నీళ్ళు కాచి, వీపు రుద్ది, "చేపల వాసనతో ముగ్గుర్ని పెంచాను, నీదొక లెక్కా?" అంది. ఆ రోజు నుంచి ఆ నీళ్ళు ఆగలేదు.

పనిముట్ల సంచీ కూడా అత్తగారు కుట్టిందే. కత్తులు గుచ్చుకుంటున్నాయని మందపాటి గుడ్డకు లోపల వల దారంతో అరలు వేసి ఇచ్చింది. ప్రతి అరకూ నాలుగు మూలల్లో నాలుగు ముడులు, అన్నీ ఎడమవైపుకి వాలినవే. నిన్న తీరం మీద తాబేలు కాలిని చేతిలోకి తీసుకుని, కత్తెర కోసం సంచీలో చెయ్యి పెట్టినప్పుడే ఆమెకు అర్థమైంది. రెండు చేతుల్లోనూ ఒకే ముడి. ఇసుకలో అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు.

అత్తగారు బకెట్టు దించి వెళ్ళిపోలేదు. కుళాయి గట్టు మీద కూర్చుంది.

"ఎంతసేపు ఉండగలదు అది? నీళ్ళలో, ఊపిరి లేకుండా?"

ఇంతకాలంలో అత్తగారు తాబేళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు.

"తన మానాన తను తిరుగుతుంటే చాలాసేపు ఉండగలదు అత్తయ్యా. భయపడితే ఉండలేదు. పెనుగులాడితే ఉన్న ఊపిరంతా ఇట్టే అయిపోతుంది."

"భయపడుతుందా?"

"ముక్కు మీద చర్మం లేచిపోయి ఉంది. ఆ కుట్టు దగ్గరే పొడుచుకుంది పాపం. వెలుతురు అటునుంచే వస్తుంది కదా."

అత్తగారు తన ఎడమ అరచేతిని మోకాలికి రాసుకుంది. రాసుకుంటూనే ఉంది.

"నీళ్ళు చల్లారిపోతాయి, పోసుకో," అని లేచి వెళ్ళింది.

* * *

పొద్దున్నే ఫ్రిజ్ తీస్తే కూరగాయల అరలో కూరగాయలున్నాయి.

ఆమె కాసేపు వాటినే చూస్తూ ఉండిపోయింది. చక్కగా కడిగి, తొడిమలన్నీ ఒకవైపుకి సర్ది ఉన్నాయి. పై అరలో తాబేలు కాలు ఎక్కడిదక్కడే ఉంది. సంచీ లేదు.

"ఏమండీ."

మొగుడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు.

"ఎక్కడ పెట్టారు?"

"ఏది?"

"నాతో ఆటలొద్దు. ఆఫీసరు బయల్దేరానని ఫోన్ చేశాడు. ఎక్కడ పెట్టారు? అన్నయ్యకిచ్చేశారా?"

"నేను ముట్టుకోలేదు. ఒట్టు."

"నిన్న ఫ్యాక్టరీలో చెప్పకుండా ఉండలేకపోయిన మనిషి ఒట్టు నేనేం చేసుకోను?"

అతని మొహం చిన్నబోయింది. నోట్లో నురగతోనే కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి ఉమ్మి, అక్కడే ఆగిపోయాడు. బ్రష్ పట్టుకున్న చేత్తో పెరటి వైపు చూపించాడు.

దండెం మీద ఆమె తువ్వాలుకి, అతని ఫ్యాక్టరీ చొక్కాకి మధ్య పచ్చటి వల ముక్క వేలాడుతోంది. రెండు మూలలా రెండు క్లిప్పులు. శుభ్రంగా ఉతికి ఉంది. సబ్బు వాసన వస్తోంది. నెత్తురు లేదు, ఇసుక లేదు, కాలి చర్మం పోగు ఒక్కటి లేదు. తాబేలు చింపిన చోట చిరుగు లేదు. అదే రంగు దారంతో, కన్ను కన్నూ కలిపి, ఎక్కడ చిరిగిందో ఎవరూ పోల్చుకోలేనంత నేర్పుగా బాగుచేసి ఉంది. ముడులన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

చిన్నకోడలు దాన్ని ముట్టుకుని చూసింది. ఇంకా తడిగానే ఉంది.

"చిరిగి ఉంది. కుట్టాను," అంది అత్తగారు వెనక నుంచి.

"ఎందుకు కుట్టారు అత్తయ్యా?"

"చిరిగిన వల కళ్ళబడితే నా చెయ్యి ఊరుకోదు. నీకు తెలుసు కదా."

"తెలుసు. అందుకే కుట్టారా?"

అత్తగారు దండెం మీది చొక్కా సర్దింది. మొగుడు అప్పటికే నోరు కడుక్కుని వచ్చేశాడు. అతని మొహం తేటపడింది. నిన్నటి నుంచి అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతున్న మనిషికి ఒక్కసారిగా ఊపిరి ఆడినట్టుంది.

"ఇంకేముంది," అన్నాడు. "ముడులు అమ్మవే. ఫ్రిజ్‌లో చూసింది, బాగుచేసింది. పెద్దావిడ, అలవాటు ప్రాణం. దీన్ని బట్టి ఎవరి పడవని మాత్రం అంటారు? నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు, అన్నయ్య పడవ పోదు, అమ్మ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. అమ్మా, నీ తెలివికి దణ్ణం పెట్టాలి."

చిన్నకోడలు పెరటి మెట్టు మీద కూర్చుంది. ఈ సీజనంతా పడిన పాటు సబ్బునీళ్ళతో కాలవలో కలిసిపోయిందని ఆమెకు తెలుసు. ఏడవాలి నిజానికి. ఏడుపు రాలేదు. దానికి బదులు, మనసులో ఎక్కడో ఒక మూల, హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెలివి కాదు," అంది అత్తగారు.

దండెం దగ్గరికి వెళ్ళి, వల ముక్క ఒక అంచు పట్టుకుని ఎత్తి చూపించింది. చిరుగైతే కుట్టింది. కానీ రెప్పని కోతకి కలిపిన పాత కుట్టు లేదు. మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా విప్పేసి ఉంది. రెప్ప గాలికి లేచి పడుతోంది.

"తలుపు తెరిచాను," అంది. "నేను మూశాను, నేనే విప్పాను. చిరుగుతో, నెత్తుటితో ఎలా ఇస్తాం ఒకరి చేతికి? అందుకని ఉతికాను."

చిన్నకోడలు ఆ రెప్ప వైపు చూసింది. తప్పు చేసిన చోటే దిద్దుకోవడం అత్తగారికి తెలిసిన పద్ధతి. తప్పును ఉన్నదున్నట్టు భద్రం చేయడం తను నేర్చుకున్న పద్ధతి. రెండింటికీ ఒకే ఫ్రిజ్ దొరికింది.

"మీకు తెలుసా అత్తయ్యా, అది తాబేళ్ళు పోయే దారని? కుట్టేటప్పుడు?"

"తెలుసు."

మొగుడు "అమ్మా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"తెలుసమ్మాయ్. పడవ మీద బతికేవాళ్ళ ఇంట్లో పుట్టి, పడవ మీద బతికేవాళ్ళ ఇంటికే వచ్చాను. పెద్దాడు సందు మూసెయ్యమ్మా అన్నాడు, మూశాను. వాడేది అడిగితే అది కుట్టాను. సాయంత్రం నువ్వు వస్తే నీళ్ళు కాచాను, నీ వీపు రుద్దాను. ఈ చేత్తోనే అదీ, ఈ చేత్తోనే ఇదీ. రెండూ ఒకటే సంగతని నాకెప్పుడూ తోచలేదు. నిన్న ముక్కు సంగతి చెప్పావు చూడు, అప్పుడు తోచింది."

అత్తగారి గొంతులో అలసట ఉంది. ఆ అలసటను చిన్నకోడలు గుర్తుపట్టింది. రోజూ బస్సు దిగి వస్తూ తను మోసుకొచ్చేది అదే.

వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది ఆమెకు. అడగకుండా ఉంటే ఈ రోజు ఇక్కడితో అయిపోతుంది. టీ తాగి, ఆఫీసరుకు సర్దిచెప్పి, చాప పరుచుకుని పడుకోవచ్చు.

"అత్తయ్యా," అంది. "మీరు మూసింది ఇదొక్కటేనా?"

అత్తగారి చెయ్యి క్లిప్పు మీద ఆగిపోయింది.

"ఈ వలకి పెద్ద కోత పడింది కదా, పనికిరాదన్నాడు పెద్దాడు," అంది నెమ్మదిగా. "కొత్తది తెచ్చాడు. మొన్న కుట్టిచ్చాను."

"ఎక్కడుంది అది?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు మొగుడు. "ఇప్పుడవన్నీ ఎందుకు?"

"తెల్లారకముందే పడవలో వేసుకెళ్ళాడు," అంది అత్తగారు. "నిన్న ఇక్కడి నుంచి కోపంగా పోయాడు కదా. కోపమొస్తే వాడు సముద్రం మీదికే పోతాడు. చిన్నప్పటి నుంచీ అంతే."

వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. తలుపు వేసిన చప్పుడు, చెప్పుల కింద కంకర చప్పుడు. ఎవరో గేటు గొళ్ళెం వెతుక్కుంటున్నారు.

"వచ్చేశాడు," అన్నాడు మొగుడు. గొంతు తగ్గించి, గబగబా మాట్లాడాడు. "చూడు, నా మాట విను. టీ ఇద్దాం. ముక్క పాడైందని చెబుదాం. అది అబద్ధం కాదు, దండెం మీద కనబడుతూనే ఉంది. అన్నయ్య వచ్చాక నేనే చెబుతాను, ఆ కొత్త వలకి కూడా కుట్టు విప్పించేద్దాం. అమ్మే విప్పుతుంది. ఎవరికీ ఏమీ కాదు. సరేనా?"

మంచి మాటే. ఇంతకంటే మంచి మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేరు. చిన్నకోడలు మెట్టు మీంచి లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. అత్తగారి వైపు చూసింది. సరే అనమని అడుగుతున్నట్టుగానే చూసింది.

అత్తగారు ఇంటి కప్పుల మీదుగా, సముద్రం ఉన్న వైపు చూస్తోంది. ఇక్కణ్ణుంచి సముద్రం కనబడదు.

"వాడు వల దింపితే మధ్యాహ్నం దాకా ఎత్తడు," అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. "భయపడితే ఉండలేదన్నావు."

"అమ్మా," అన్నాడు కొడుకు.

ముందు గదిలోంచి ఎవరో పిలిచారు. ఆఫీసరు లోపలికి వచ్చేసినట్టున్నాడు.

అత్తగారు క్లిప్పులు రెండూ తీసి, తడి వల ముక్కని మడిచి చంకలో పెట్టుకుంది. కోడలి భుజం మీద ఎడమచెయ్యి వేసింది.

"జీపులో వచ్చాడు సరే," అంది. "ఆయనకి పడవ ఉందా, అమ్మాయ్?"